లెక్కలంటే ఇష్టపడే పాప ఉన్నట్టుండి "నాకు రావు" అంటే

మీ ప్రశ్న పొద్దునే చూశాను, అప్పుడే రాద్దామనుకుని కుదరక ఇప్పుడు కూర్చున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి. మీరడిగింది క్లుప్తంగా ఇదీ: పాపకి తొమ్మిదేళ్ళు, పోయినేడాది దాకా కనిపించిన ప్రతిదాన్నీ లెక్కపెట్టేది, చీమలు లైన్లో ఎందుకు పోతాయి, చందమామ మన వెనకే ఎందుకొస్తాడు అని ప్రాణం తీసేది. ఇప్పుడు లెక్కల పుస్తకం తియ్యమంటే "నాకు రావు, నేను లెక్కల టైపు కాదు" అంటోంది. మార్కులు మాత్రం బాగానే వస్తున్నాయి. సైన్స్ కిట్ కొనిస్తే రెండ్రోజుల్లో మూలపడింది. ఇప్పుడు ఒలింపియాడ్ కోచింగ్‌లో వెయ్యాలా, లేక తన మానాన తనని వదిలెయ్యాలా అని.

సూటిగా జవాబు: కోచింగ్ ఇప్పుడొద్దు, ఇంకో కిట్టూ వద్దు. పాపకి ఇప్పుడు కావాల్సింది తప్పు చేసినా ఎవరూ చూడని ఒక చోటు, తను ఆలోచిస్తున్నప్పుడు నోరు కట్టేసుకుని కూర్చునే ఒక పెద్దమనిషి. ఈ రెండూ దొరికితే మిగతావి చాలావరకు వాటంతటవే వస్తాయి. దొరక్కపోతే ఎంత మంచి కోచింగ్ అయినా తన నమ్మకాన్ని ఇంకా గట్టి చేస్తుంది, "చూశావా, నిజంగానే నాకు రావు" అని.

నేను 22 ఏళ్ళుగా ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకి లెక్కలు చెప్తున్నాను, వారానికోసారి ఒక సైన్స్ క్లబ్ కూడా నడుపుతున్నాను. కాబట్టి ఇందులో సగం నేను చేసిన తప్పుల్లోంచి వచ్చిందే, అదీ చెప్తాను.

ముందు మీరు రాసిన వాటిలో నా కళ్ళు ఆగిన చోటు "మార్కులు బాగానే వస్తున్నాయి" అన్న మాట. చాలామంది తల్లిదండ్రులు ఇదే చెప్పి, మరి ఎందుకిలా అంటుందో అర్థం కావట్లేదు అంటారు. మార్కులు వేరు, "నేను తెలివైనదాన్ని" అనుకోవడం వేరు. 2017లో "సైన్స్" అనే పరిశోధనా పత్రికలో అమెరికా పిల్లల మీద చేసిన ఒక అధ్యయనం వచ్చింది. ఐదేళ్ళ పిల్లలకి "ఒకరు చాలా చాలా తెలివైనవాళ్ళు" అని కథ చెప్పి ఈ బొమ్మల్లో వాళ్ళెవరై ఉంటారు అంటే అబ్బాయిలు మగవాళ్ళని, అమ్మాయిలు ఆడవాళ్ళని దాదాపు సమానంగా చూపించారు. ఆరేడేళ్ళు వచ్చేసరికి అమ్మాయిలు తమవాళ్ళని చూపించడం తగ్గిపోయింది. అసలు విషయం ఏంటంటే, అదే అమ్మాయిల్ని స్కూల్లో మంచి మార్కులు ఎవరికొస్తాయి అని అడిగితే అమ్మాయిలకే అని చెప్పారు! అంటే వాళ్ళ బుర్రలో రెండు గూళ్ళున్నాయి: మార్కులు కష్టపడేవాళ్ళకి వస్తాయి, తెలివి మాత్రం ఇంకెవరికో పుట్టుకతో వస్తుంది. ఆ తర్వాత "బాగా తెలివైనవాళ్ళ ఆట" అని ఒక ఆట చూపిస్తే అమ్మాయిలు వెనక్కి తగ్గారు, "బాగా ప్రయత్నించేవాళ్ళ ఆట" అన్నప్పుడు అలా తగ్గలేదు. మీ పాప చెప్తున్నది కూడా దాదాపు ఇదే, తనకి లెక్క రాదని కాదు, లెక్కలు తనలాంటి వాళ్ళవి కావని.

ఇది పిల్లలకి ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. మనం రోజూ చేసే చిన్న చిన్న పనుల్లోంచి పడుతుంది. నేను ఎక్కువగా చూసింది ఒకటి చెప్తా.

రబ్బరు. అవునండీ, చెరిపే రబ్బరే. నా దగ్గరకి పదేళ్ళ అమ్మాయి ఒకతె వచ్చేది, నోట్‌బుక్ చూస్తే ముచ్చటేసేది, మార్జిన్లు గీసి, హెడింగులకి రంగులేసి. కానీ దగ్గరగా చూస్తే పేజీల్లో చిల్లులు! ఒక అంకె తప్పు పడితే చాలు కాగితం చిరిగేదాకా చెరిపేది. తెలియని లెక్క ఇస్తే పెన్సిల్ కదిలేది కాదు, ఎందుకంటే మొదటి లైనే కరెక్ట్‌గా రావాలి, అది తెలియకపోతే రాయకూడదు. అందరూ తనని ఎందుకు మెచ్చుకున్నారో ఆలోచించండి, నీట్‌గా రాస్తుందని, చెప్పినట్టు వింటుందని. పక్కన కూర్చున్న అబ్బాయి పుస్తకం కుక్కలు చింపిన విస్తరిలా ఉండేది, వాడికి ఆ బాధ లేదు, రాసేవాడు, కొట్టేసేవాడు, మళ్ళీ రాసేవాడు. కొత్త లెక్క దగ్గర గెలిచేది ఆ పద్ధతే. (అబ్బాయిలందరూ ఇలా, అమ్మాయిలందరూ అలా అని కాదు, అబ్బాయిల్లోనూ రబ్బరుగాళ్ళున్నారు. కానీ లెక్క తీస్తే అమ్మాయిలే ఎక్కువ, నా క్లాసుల్లో అయితే.)

నేను ఆ పిల్ల దగ్గర రబ్బరు తీసేసుకుని పెన్ను ఇచ్చాను, ఒక రఫ్ బుక్ ఇచ్చి ఇది నేను కూడా తెరవను అన్నాను. మొదటి రెండు రోజులు ఏడ్చింది. మూడో వారానికి కొట్టివేతలు కనపడ్డాయి, ఆమే తెచ్చి చూపించింది, "ఈ లెక్క నాలుగుసార్లు తప్పు చేశా" అని, నాలుగుసార్లూ వేరే వేరే తప్పు అని కూడా చెప్పింది. ఆ మాట విన్నాక నాకు బెంగ పోయింది. తర్వాత పెద్ద సైంటిస్ట్ అయిందా అంటే కాలేదు, ఏం చదువుతుందో కూడా ఇప్పుడు నాకు తెలీదు, మేం ఊరు మారిపోయాం. అందుకోసం చెయ్యలేదు కూడా.

ఈ సందర్భంలో మరియం మిర్జాఖానీ గురించి మీ పాపకి చెప్పండి. లెక్కల్లో అతి పెద్ద గౌరవాల్లో ఒకటైన ఫీల్డ్స్ మెడల్‌ని 2014లో తీసుకున్న మొదటి మహిళ, ఇరాన్‌లో పుట్టారు. ఆమె చిన్నప్పుడు రచయిత అవుదామనుకున్నారు. మిడిల్ స్కూల్లో ఒక ఏడాది లెక్కల్లో బాగా చెయ్యలేదు, టీచర్ కూడా ఈ పిల్లకి అంత ప్రతిభ లేదు అనుకున్నారు, దాంతో ఆమెకి ఆసక్తి పోయింది. తర్వాతి ఏడు ఇంకో టీచర్ దొరికాక తిరిగొచ్చింది. 1994, 1995 రెండేళ్ళూ స్కూలు పిల్లల అంతర్జాతీయ లెక్కల పోటీ అయిన ఒలింపియాడ్‌లో గోల్డ్ మెడల్, రెండోసారి 42కి 42. నాకు వీటికంటే నచ్చే సంగతి వేరే ఉంది. ఆమె నేల మీద పెద్ద పెద్ద కాగితాలు పరుచుకుని బొమ్మలు గీస్తూ ఆలోచించేవారు, వాళ్ళ చిన్న పాప అది చూసి అమ్మ పెయింటింగ్ వేస్తోంది అనుకునేది. తను నిదానంగా ఆలోచించే మనిషినని ఆమే చెప్పుకున్నారు. నిదానం, గజిబిజి కాగితాలు, మధ్యలో ఒక చెడ్డ సంవత్సరం, పిల్లలకి చెప్పాల్సింది ఈ భాగం. మనమేమో మెడల్ దగ్గర మొదలుపెట్టి మెడల్ దగ్గరే ముగిస్తాం.

అందుకే గోడ మీద మేరీ క్యూరీ పోస్టర్ అంటించి ఊరుకుంటే పని జరగదు అంటాను. రెండు నోబెళ్ళు, 1903లో ఫిజిక్స్, 1911లో కెమిస్ట్రీ, ఆ ఎత్తు చూసి తొమ్మిదేళ్ళ పిల్ల "అమ్మో" అంటుంది తప్ప "నేను కూడా" అనదు. దానికంటే మీకు తెలిసిన ఎవరో పాతికేళ్ళ అమ్మాయి, ల్యాబ్‌లో పనిచేసేదో, సర్వే చేసేదో, కోడ్ రాసేదో, ఆవిడని పావుగంట పాపతో మాట్లాడించండి, "ఈ వారం మీకేం రాలేదు?" అని పాప చేత అడిగించండి. ఏం సాధించారు అని వద్దు.

ఇక రెండోది, మనం మరీ తొందరగా సాయం చేస్తాం. నేను నా క్లాస్ ఒకటి ఫోన్‌లో రికార్డ్ చేసుకుని విన్నాను ఒకసారి, వేరే పని మీద. విని సిగ్గేసింది. అబ్బాయి ఇరుక్కుంటే "ఆలోచించు, వస్తుంది" అంటున్నాను. అమ్మాయి ఇరుక్కుంటే వెంటనే వెళ్ళి "ఇక్కడ చూడమ్మా, ముందు ఇది తీసెయ్యి" అని చేసి పెడుతున్నాను. ప్రేమే, కాదనను. కానీ ఆ ప్రేమలో ఆ పిల్లకి వినపడేది నీ వల్ల కాదులే అని. ఇంకా దారుణం ఏంటంటే ఒక ఏడాది అమ్మాయిలకి ధైర్యం రావాలని వాళ్ళ గ్రూపుకి తేలిక లెక్కలు ముందు ఇచ్చేవాడిని. పదకొండేళ్ళ ఒక పిల్ల పక్క గ్రూపు పేపర్ చూసి వచ్చి "మాకెందుకు సార్ ఈజీవి ఇచ్చారు?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు నుంచీ అందరికీ ఒకటే పేపర్.

ఇప్పుడు నా రూల్ ఏంటంటే పిల్ల ఇరుక్కుంటే మనసులో అరవై దాకా లెక్కపెట్టుకుంటాను. అరవై సెకన్లు ఊరికే ఉండటం ఎంత కష్టమో చేసి చూడండి, నాకు చేతులు దురద పెట్టేవి. అరవై అయ్యాక కూడా జవాబు చెప్పను, "ఇప్పటిదాకా ఏం చూశావ్?" అని అడుగుతాను. సగం సార్లు అది చెప్తూ చెప్తూ వాళ్ళే పట్టేస్తారు. అలాగే జవాబు కరెక్ట్‌గా వచ్చినా "ఎలా వచ్చింది" అని అడగండి, తప్పొచ్చినప్పుడు మాత్రమే అడిగితే ఆ ప్రశ్న వినగానే తప్పేమో అని చెరిపేస్తారు.

దీనికి తిరగేసిన కేసు కూడా ఉంది. సాయం ఎక్కువవుతుంది, వివరణ తక్కువవుతుంది. కాలిఫోర్నియాలో ఒక పిల్లల మ్యూజియంలో తల్లిదండ్రుల మాటలు గమనించారు, 2001లో వచ్చింది ఆ పేపర్. ఇది ఎలా వాడాలి, ఏ బటన్ నొక్కాలి అనేది అబ్బాయిలకీ అమ్మాయిలకీ ఒకేలా చెప్పారు. ఇది ఎందుకు ఇలా అవుతుంది అని వివరించడం మాత్రం అబ్బాయిలతో మూడు రెట్లు ఎక్కువ. ఆ తల్లిదండ్రుల్లో ఎవర్నడిగినా మేం తేడా చూపించం అనే అంటారు, నేనూ అనేవాణ్ణే. మీ పాప చందమామ వెనకే ఎందుకొస్తాడు అని అడిగినప్పుడు మీరేం చెప్పారో గుర్తు తెచ్చుకోండి. దాన్ని మళ్ళీ తియ్యొచ్చు: నడుస్తూ పక్కన ఉన్న చెట్టు, దూరంగా ఉన్న బిల్డింగ్, చందమామ మూడింటినీ చూడమనండి, ఏది తొందరగా వెనక్కి పోతుంది, ఏది కదలట్లేదు? దూరం పెరిగే కొద్దీ కదలిక తగ్గుతుందని తనే చెప్తుంది.

మూడోది మీకే అండీ, ఏమీ అనుకోవద్దు. మీ పోస్ట్ చివర్లో "నాకూ చిన్నప్పుడు లెక్కలు వచ్చేవి కాదు, దానికీ నా పోలికే వచ్చినట్టుంది" అని నవ్వుతూ రాశారు. ఆ మాట ఇంట్లో ఇక అనకండి. మీరు ఓదార్చడానికే అంటారు, పాప దాన్ని వంశంలో వచ్చిన జబ్బులా వింటుంది. 2015లో ఒకటి, రెండు తరగతుల పిల్లల మీద ఒక అధ్యయనం వచ్చింది, లెక్కలంటే భయమున్న తల్లిదండ్రులు తరచుగా హోంవర్క్‌లో సాయం చేస్తే ఆ ఏడాది పిల్లలు లెక్కలు తక్కువ నేర్చుకున్నారు, వాళ్ళకీ భయం ఎక్కువైంది. అదే తల్లిదండ్రులు పెద్దగా కలగజేసుకోని చోట ఆ ప్రభావం కనపడలేదు. అందుకని మీకు భయమైతే హోంవర్క్ దగ్గర కూర్చోకండి, తప్పేం లేదు. లేదా "నాకిది తెలీదు, నువ్వు నాకు నేర్పు" అని స్టూడెంట్‌లా కూర్చోండి, నిజంగా తెలుసుకోవాలని కూర్చోవాలి, నటిస్తే పట్టేస్తారు.

మెచ్చుకోలు గురించి చాలామందికి తెలిసే ఉంటుంది కాబట్టి ఎక్కువ రాయను. "నువ్వు భలే తెలివైనదానివి" అని పొగిడిన ఐదో తరగతి పిల్లలు తర్వాత తేలిక పనులే ఎంచుకున్నారని, ఒకసారి ఫెయిలయ్యాక ఇంకా డీలా పడ్డారని 1998లో ముల్లర్, డ్వెక్ అనే ఇద్దరు పరిశోధకులు చూపించారు. నా అనుభవంలో ఊరికే "బాగా కష్టపడ్డావ్" అన్నా ఉపయోగం తక్కువే, అమ్మాయిలకి అది "తెలివి లేకపోయినా కష్టపడ్డావ్" అన్నట్టు వినిపిస్తుంది కొన్నిసార్లు. చేసిన పనినే చెప్పండి, "రెండో స్టెప్‌లో బొమ్మ గీశావ్ చూడు, అక్కడే దారి దొరికింది" అని.

మాటల్లో ఇంకో చిన్న కిటుకు. "మనం సైంటిస్టులం అవుదాం" అనే బదులు "మనం సైన్స్ చేద్దాం" అనండి. నవ్వొస్తుందేమో, కానీ నాలుగు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలతో చేసిన 2019 నాటి పరిశోధనలో "చేద్దాం" అని విన్న అమ్మాయిలు తర్వాత ఆటలో ఎక్కువసేపు నిలబడ్డారు. సైంటిస్ట్ అనగానే పిల్లల బుర్రలో ఒక మనిషి బొమ్మ ఉంటుంది, ఆ బొమ్మ తనలా ఉండదు. చెయ్యడానికైతే బొమ్మతో పని లేదు.

సరే, ఇంట్లో ఏం చెయ్యాలి అంటారా, రెండే చెప్తాను, కిట్ అక్కర్లేదు.

ఒకటి క్యాలెండర్. ఏదో ఒక నెల తీసుకుని పాపని మూడు అడ్డం మూడు నిలువు, తొమ్మిది తేదీల గడిని చుట్టమనండి, మీకు మధ్య అంకె మాత్రమే చెప్పమనండి. మీరు దాన్ని తొమ్మిదితో గుణించి మొత్తం ఎంతో చెప్పెయ్యండి. మధ్యలో 16 ఉంటే 144. తను అన్నీ కూడి చూసుకుంటుంది, సరిపోతుంది, ఇంకో నెల తెస్తుంది. ఎలా చేశావ్ అని అడుగుతుంది, చెప్పకండి! రోజులు పట్టనివ్వండి. ఎడమది ఒకటి తక్కువ, కుడిది ఒకటి ఎక్కువ, పైది ఏడు తక్కువ, కిందది ఏడు ఎక్కువ, మూలల్లో ఉన్నవీ అలాగే జతలు జతలుగా కొట్టుకుపోయి తొమ్మిదీ మధ్య అంకెలే అయినట్టు మిగులుతాయి. ఇది తను పట్టుకుంటే ఎవరూ చెప్పకుండా ఆల్జీబ్రా గుమ్మం దాకా వచ్చినట్టే. నా క్లాసులో ఒక పిల్లకి పదకొండు రోజులు పట్టింది, పన్నెండో రోజు నాలుగు అడ్డం నాలుగు నిలువు గడితో ఇంకో ట్రిక్ తయారుచేసి నన్నే ఇరికించింది.

రెండోది లోలకం. దారానికి ఒక చిన్న బరువు కట్టి ఊపడం, అంతే. ముందు ఊహ రాయించండి, బరువు పెంచితే తొందరగా ఊగుతుందా నిదానంగానా? దాదాపు అందరూ తప్పు చెప్తారు, పెద్దవాళ్ళు కూడా, అందుకే నాకిది ఇష్టం, ఇంటిల్లిపాదీ ఒకేసారి తప్పు కావొచ్చు. 25 సెంటీమీటర్ల దారంతో చిన్నగా ఊపితే పది ఊపులకి సుమారు పది సెకన్లు (అటు వెళ్ళి మళ్ళీ తిరిగొస్తే ఒక ఊపు). బరువు మార్చినా అంతే. ఇప్పుడు ఊపు కాలం రెండింతలు కావాలంటే దారం ఎంత ఉండాలి? అందరూ 50 అంటారు. కట్టి చూస్తే పద్నాలుగు సెకన్ల దగ్గర ఆగిపోతుంది. పాపని కొలుస్తూ పోనివ్వండి, మీటరు దగ్గర దొరుకుతుంది, అంటే నాలుగింతలు. అంకెలు సరిగ్గా రాకపోతే కంగారు పడొద్దు, ఎందుకు రాలేదో వెతకడమే ఇందులో అసలు పని. ఖగోళ శాస్త్రవేత్త జోసెలిన్ బెల్ బర్నెల్ 1967లో మీటర్ల కొద్దీ చార్ట్ పేపర్ మీద ఒక చిన్న చెత్తలాంటి గీతని చూసి, పోనీలే అని వదిలెయ్యకుండా వెంటపడితేనే పల్సర్ (క్రమం తప్పకుండా రేడియో సంకేతాలు పంపే ఒక రకం నక్షత్రం) దొరికింది, అప్పటికి ఆమె ఇంకా స్టూడెంటే.

స్కూల్లో గ్రూప్ ప్రాజెక్టులుంటే ఒకటి కనుక్కోండి: గ్రూపులో మీ పాప ఏం చేస్తుంది? నా క్లబ్బులో నేను వదిలేస్తే ప్రతిసారీ జరిగేది ఒకటే, పరికరం అబ్బాయి చేతికి పోతుంది, పెన్ను అమ్మాయి చేతికొస్తుంది, "నీ రైటింగ్ బాగుంటుంది కదా" అని. ఇప్పుడు పది నిమిషాలకోసారి బెల్ కొట్టి చేతులు మారుస్తాను. టీచర్‌కి గొడవలా కాకుండా "మా పాపకి ఈసారి పరికరం పట్టుకునే ఛాన్స్ ఇస్తారా" అని అడగండి, చాలామంది గమనించి ఉండరు, అంతే.

కొన్ని జాగ్రత్తలు. నేను చెప్పింది నమ్మకం తగ్గిన పిల్ల గురించి. అంకెల్ని చూసి ఏది పెద్దదో పోల్చలేకపోవడం, గడియారం అస్సలు పట్టుబడకపోవడం, నిన్న బాగా వచ్చిన కూడిక ఇవాళ పూర్తిగా పోవడం, ఇలాంటివి ఏళ్ళ తరబడి ఉంటే అది డిస్కాల్‌క్యులియా, అంటే అంకెలు అర్థం చేసుకోవడంలోనే ఉండే ఇబ్బంది, కావొచ్చు, అప్పుడు స్పెషలిస్ట్‌కి చూపించాలి, రఫ్ బుక్కులతో పోదు. మీరు రాసిన దాన్ని బట్టి మీ పాపకి అది అనిపించట్లేదు.

టైమ్ పెట్టి చేయించే ఎక్కాల పోటీలు ఇంట్లో కొన్నాళ్ళు ఆపండి. ఎక్కాలు రావాలి, దాని మీద నాకు రెండో మాట లేదు, కానీ స్టాప్‌వాచ్ ముందు వణికే పిల్లకి స్టాప్‌వాచ్ మందు కాదు.

"అమ్మాయిలు కూడా లెక్కల్లో అబ్బాయిలంత బాగా చెయ్యగలరు" అనే మాట కూడా వద్దు. మంచి ఉద్దేశమే, కానీ కొలబద్ద ఎవరో ఆ వాక్యమే చెప్పేస్తోంది. తను ఎప్పుడూ ఆలోచించని పోలికని మనమే తెచ్చి పెట్టినట్టవుతుంది.

ఇంకోటి, ఇవన్నీ చేసినా తనకి లెక్కలు నచ్చకపోవచ్చు, బొమ్మలో కథలో ఎక్కువ నచ్చొచ్చు. అది వేరు. "నాకు రాదు" అని పారిపోవడానికీ "చేసి చూశా, నాకు ఇంకోటి ఇష్టం" అనడానికీ తేడా మీకు తన మొహంలోనే తెలుస్తుంది, రెండోదైతే వదిలెయ్యండి.

కోచింగ్ విషయానికొస్తే, తనంతట తను ఇంకా కష్టమైనవి కావాలి అని అడిగినప్పుడు చూడండి. అప్పుడు కూడా చేర్చే ముందు ఒక క్లాస్ వెనక కూర్చుని చూడండి, పిల్ల తప్పు చెప్తే ఆ సార్ ఏం చేస్తున్నాడో. "తప్పు, నెక్స్ట్" అంటే లేచి వచ్చెయ్యండి. "అలా ఎందుకనుకున్నావ్" అంటే చేర్చండి. అమ్మాయిలు ఎంతమంది ఉన్నారో కూడా చూసుకోండి, ముప్ఫై మందిలో ఒక్కతే కూర్చోవడం మొదట్లో కష్టం, ఒక స్నేహితురాలితో కలిపి చేర్చగలిగితే ఇంకా మంచిది.

ఇవాళ రాత్రికి క్యాలెండర్‌తో మొదలుపెట్టండి. ఎన్ని రోజులకి పట్టుకుందో ఇక్కడే కింద రాయండి, మధ్యలో మీకు ఆగలేక చెప్పేస్తే అది కూడా రాయండి, పర్లేదు.